గోడ మీది పటం



ఒక సాయంత్రం అస్ర్ నమాజు ముగించుకుని హిఫ్జ్ పిల్లల పాఠం వింటూ కూర్చున్నాను. ఒకప్పుడు మా మదరసాలో నాలుగేళ్ళు చదివి, ఇప్పుడు ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం నడుపుకుంటున్న యువకుడొకడు వచ్చి, సలాం చేసి, గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. పిల్లలను పంపించి లోపలికి రమ్మన్నాను.

"హజ్రత్, నేను షరీఅత్ చెప్పినట్టే చేశాను. అయినా అమ్మీ మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. అన్నం కూడా సరిగా తినడం లేదు" అన్నాడు.

జరిగింది ఇది. అతని అన్న నాలుగేళ్ళ క్రితం రోడ్డు ప్రమాదంలో మరణించాడు. అల్లాహ్ అతణ్ణి మన్నించుగాక! లైసెన్సు కోసం దిగిన చిన్న ఫోటోను తల్లి స్టూడియోలో ఇచ్చి పెద్దది చేయించి, అద్దం వేసి ఫ్రేము కట్టించి, హాలులో వీధి గుమ్మానికి ఎదురుగా తగిలించింది. మొదట పటం ఒక్కటే ఉండేది. ఏడాది తిరిగేసరికి దానికి గంధపు చెక్కల దండ వచ్చింది. ఆ తరువాత పటం పైన చిన్న ఎర్ర బల్బు వచ్చింది. ఆ బల్బు బిగించినవాడు ఈ తమ్ముడే. శుక్రవారం సాయంత్రాలు ఒక అగరువత్తి కూడా వెలిగేది. ఇటీవల ఇతడు జమాఅత్‌లో నలభై రోజులు తిరిగి వచ్చాడు. వచ్చిన మర్నాడే, తల్లి లోపలి గదిలో జుహ్ర్ నమాజులో ఉండగా, స్టూలు వేసుకుని పటం దించేశాడు.

"పటం ఇప్పుడు ఎక్కడుంది?" అని అడిగాను.

"అటక మీద పెట్టాను హజ్రత్. దించేటప్పుడు అద్దం పగిలింది."

అతణ్ణి మందలించాలని నోటి దాకా వచ్చిన మాటను నేను మింగేశాను. దానికి కారణం పాఠకులకు చెప్పక తప్పదు.

ఆలిం కోర్సు పూర్తి చేసుకుని నేను ఇల్లు చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. చదువు మధ్యలో ఉండగానే మా అబ్బా కాలం చేశారు. ఉత్తరం నాకు అందేసరికి ఖననం జరిగి వారమైంది. ఆయన పొగాకు గోదాములో కాటా గుమాస్తా. జీవితంలో ఒక్కసారే ఫోటో దిగారు, అదీ హజ్ యాత్ర కాగితాల కోసం. హజ్ ఆయనకు ప్రాప్తం కాలేదు, ఫోటో మాత్రం మిగిలింది. దానిని అమ్మీ నడిమి గదిలో, తన కుట్టుమిషను పైన ఉన్న గోడకు తగిలించుకుంది. నేను ఇంటికి వచ్చిన రోజే దానిని దించాను. చిత్రాలు ఉన్న ఇంటిలోకి దైవదూతలు ప్రవేశించరన్న హదీసును అరబీలో చదివి, తెలుగులో అర్థం చెప్పి, అమ్మీ కళ్ళ ముందే ఫోటోను చింపేశాను. అమ్మీ వాదించలేదు. "చదువుకున్నవాడివి, నీకే తెలుసు నాయనా" అని మళ్ళీ మిషను ముందు కూర్చుంది. ఆ తరువాత పద్ధెనిమిదేళ్ళు బ్రతికింది. ఆ సంగతి మళ్ళీ ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఇప్పుడు నా పిల్లలు దాదా ఎలా ఉండేవారని అడుగుతారు. నాకు గుర్తున్నది చెబుతాను. ఆ గుర్తు ఏటేటా తరిగిపోతోంది.

నేను ఆ రోజు చదివిన హదీసు ప్రామాణికమైనదే. ఇవాళ కూడా అదే బోధిస్తున్నాను. అయితే చిత్రాల గురించి మన గ్రంథాలలో ఉన్న ఉల్లేఖనాలలో నేను ఆ రోజు చదివింది కొన్నే. మిగిలినవి నాకు కంఠతా వచ్చి కూడా గుర్తు రాలేదు.

హజ్రత్ ఆయిషా (రజి) ఇంటి తెర సంఘటన మనలో చాలామందికి తెలుసు. దైవప్రవక్త (స) ప్రయాణం నుండి తిరిగి వచ్చేసరికి ఆమె ఇంట్లో బొమ్మలున్న తెర ఒకటి వేలాడుతోంది. దానిని చూడగానే ఆయన (స) ముఖం రంగు మారింది. తెరను లాగివేశారు. అల్లాహ్ సృష్టిని అనుకరించేవారికి ప్రళయదినాన కఠిన శిక్ష ఉంటుందని హెచ్చరించారు. ఖుత్బాలలో మనం ఇక్కడితో ఆపేస్తాం. ఉల్లేఖనం ఇక్కడితో ఆగలేదు. ఆయిషా (రజి) ఆ గుడ్డను కత్తిరించి దిండ్లుగా కుట్టారు, అవి ఆ ఇంట్లోనే ఉన్నాయి, దైవప్రవక్త (స) వాటికి ఆనుకుని కూర్చునేవారు. అంటే గోడ మీద గౌరవస్థానంలో ఉండకూడనిది వాడకపు వస్తువై ఇంట్లోనే మిగిలింది. ఇల్లాలు కొనుక్కున్న గుడ్డ ఇల్లాలికే ఉపయోగపడింది.

బొమ్మలున్న దిండును ఆయిషా (రజి) కొన్న మరో సందర్భంలో ఆయన (స) లోపలికి రాకుండా గుమ్మం వద్దనే ఆగిపోయారన్న ఉల్లేఖనం కూడా ఉంది. ఈ రెండింటిని పండితులు పలు విధాలుగా సమన్వయపరచారు. ఆ చర్చ ఇక్కడ అవసరం లేదు. అక్కడ జరిగిన సంభాషణను చూడండి. ఆయన (స) ముఖంలో అయిష్టం కనబడగానే ఆమె, నేను పశ్చాత్తాపపడుతున్నాను, నా వల్ల జరిగిన తప్పేమిటని అడిగారు. ఆయన (స) ఆ దిండు సంగతి అడిగి, కారణం వివరించారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనంలోనైతే, ఆ తెర మీది బొమ్మలు నమాజులో తన దృష్టికి అడ్డు వస్తున్నాయని, దానిని తొలగించమని ఆయన (స) చెప్పినట్లు ఉంది. ఇంట్లో ఎవరూ నమాజులో ఉన్న సమయం చూసి పని కానివ్వలేదు.

ఇంకొకటి. ఆయిషా (రజి) ఆడుకునే బొమ్మల మధ్య గుడ్డపీలికలతో రెక్కలు కట్టిన గుర్రం ఒకటి ఉండేది. గాలికి తెర తొలగి అవి కనబడినప్పుడు, గుర్రానికి రెక్కలేమిటని దైవప్రవక్త (స) అడిగారు. సులైమాన్ (అలై) వద్ద రెక్కల గుర్రాలు ఉండేవని మీరు వినలేదా అని ఆమె ఎదురడిగారు. ఆయన (స) దంతాలు కనబడేలా నవ్వారు. తెరను లాగివేసిన చేయి, ఈ నవ్వు ఒకే మహనీయునివి. ఒకదానిని నేర్చుకుని రెండవదానిని వదిలేయడం నాలాంటి కుర్ర ఆలింలు చేసే పని.

మర్నాడు నేను, మా ఇంటావిడ ఆ యువకుని ఇంటికి వెళ్ళాం. ఆడవాళ్ళిద్దరు లోపలి గదిలో కూర్చున్నారు. తలుపు ఓరగా తెరిచి ఉంది. హాలులో నేను, ఆ అబ్బాయి. గోడ మీద పటం ఉన్న మేర సున్నం తెల్లగా ఉంది, మేకు అలాగే ఉంది. నేను మాట మొదలుపెట్టక ముందే లోపలి నుండి ఆ తల్లి గొంతు వినిపించింది.

"మౌలానా సాబ్, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ వెనక గోడకున్న కేలండరు చూడండి."

చూశాను. ఒక నగల దుకాణం వారి కేలండరు. ఒంటి నిండా నగలతో పెళ్ళికూతురు నిలువెత్తున నవ్వుతోంది. దాని కింద టీవీ బల్ల మీద పింగాణీ రాజు రాణి బొమ్మల జత, ఎవరో పెళ్ళి కానుకగా ఇచ్చింది కాబోలు.

"వాడికి ఆమె కనబడలేదా? ఆ బొమ్మలు కనబడలేదా? వాడి ఫోను తెరిస్తే వాడి ముఖమే ఉంటుంది, అదీ కనబడలేదా? నా కొడుకు ఒక్కడే కనబడ్డాడా?"

అబ్బాయి తల దించుకున్నాడు. సమాధానం లేని ప్రశ్న అది. షరీఅత్ ఆదేశం చనిపోయిన కొడుకు పటానికి వర్తిస్తే, నగల కేలండరుకు అంతకంటే ముందు వర్తిస్తుంది. మనం సంస్కరణను ఇంట్లో ఎవరు బలహీనులో వారి దగ్గర మొదలుపెడతాం. నేను అతని వైపు చూశాను. లేచి కేలండరు తీసి చుట్టాడు. పింగాణీ బొమ్మలను కూడా బల్ల మీది నుండి తీసేశాడు. లోపల కాసేపు మాట లేదు.

అప్పుడు నేను మా అబ్బా ఫోటో సంగతి చెప్పాను. అంతా విని ఆమె, "మీ అమ్మ ఎలా ఊరుకుంది?" అని అడిగింది. నా వద్ద జవాబు లేదు.

ఆ తరువాత మా ఇంటావిడ మెల్లగా మనవడి ప్రసక్తి తెచ్చింది. చనిపోయిన కొడుక్కు ఆరేళ్ళ బాబు ఉన్నాడు. తల్లి ఇద్దత్ ముగిశాక పుట్టింటికి వెళ్ళి మరో నికాహ్ చేసుకుంది. బాబు దాదీ దగ్గరే పెరుగుతున్నాడు. బడికి వెళ్ళేముందు వాడు పటానికి సలాం చేస్తాడని, పరీక్ష రోజున "అబ్బా, నా కోసం దుఆ చెయ్యి" అని చెప్పి వెళతాడని తమ్ముడు నాతో దారిలోనే చెప్పి ఉన్నాడు. అతనికి భయం పుట్టించింది నిజానికి అదే. కానీ ఆ మాట తల్లితో చెప్పకుండా స్టూలు వేసుకున్నాడు.

"నేనే నేర్పాను. కన్నతండ్రిని మరిచిపోకూడదని" అన్నది ఆ తల్లి.

హజ్రత్ నూహ్ (అలై) జాతి వృత్తాంతాన్ని ఆమెకు చెప్పాను. ఖుర్ఆన్‌లోని నూహ్ సూరాలో వద్ద్, సువాఅ్, యగూస్, యఊఖ్, నస్ర్ అనే పేర్లు వస్తాయి. వీరంతా ఆ జాతిలోని సజ్జనులని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వివరించారు. వారు చనిపోయాక, వారు కూర్చునే చోట్లలో వారి పేర్లతో ప్రతిమలు నిలిపారు. నిలిపిన తరం వాటిని పూజించలేదు. ఆ తరం గతించి, అవి ఎందుకు నిలిపారో తెలిసినవారు లేకుండా పోయాక పూజ మొదలైంది. అబిసీనియాలో చూసిన చర్చిలోని చిత్రాల గురించి ఉమ్మె హబీబా (రజి), ఉమ్మె సలమా (రజి) చెప్పినప్పుడు కూడా దైవప్రవక్త (స) ఈ సంగతే చెప్పారు. సజ్జనుడు చనిపోతే సమాధి మీద ప్రార్థనాలయం కట్టి చిత్రాలు గీసే అలవాటును ఆయన తీవ్రంగా ఖండించారు. మక్కా విజయం నాడు కాబా లోపల ఇబ్రాహీం, ఇస్మాయీల్ (అలైహిమస్సలాం)ల చిత్రాలు ఉన్నాయని తెలిసి, వాటిని తొలగించే దాకా ఆయన లోపల అడుగు పెట్టలేదు. అవి ఎవరో పరాయివారి బొమ్మలు కావు, ఆయన సొంత పితామహులవే.

"మీరు పూజిస్తున్నారని నేను అనడం లేదమ్మా. మీరు నిలిపిన తరం. ఆ బాబు తరువాతి తరం" అన్నాను.

చాలాసేపటికి ఆమె అడిగిన ప్రశ్న ఇది: "అయితే వాడి ముఖం మళ్ళీ చూడకూడదా నేను?"

ఇక్కడ పాఠకులకు విషయం దాపరికం లేకుండా చెప్పాలి. ప్రాణుల బొమ్మలను చేత్తో గీయడం, చెక్కడం నిషిద్ధమన్నదే నాలుగు మజ్‌హబ్‌ల పండితులలో అత్యధికుల తీర్పు. కెమెరా వచ్చాక, ఫోటో కూడా ఆ చిత్రం వంటిదేనా అన్నదానిలో భేదాభిప్రాయం తలెత్తింది. గత శతాబ్దపు తొలి దశకాలలో ఈజిప్టు ముఫ్తీగా ఉన్న షేక్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీఈ, ఫోటో అన్నది అల్లాహ్ సృష్టించిన రూపపు నీడను పట్టి నిలపడమే గాని కొత్త సృష్టి కాదన్నారు. దేవ్‌బంద్ పెద్దలలో ఒకరైన ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మ) దీని మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాసి, పనిముట్టు మారినంత మాత్రాన తీర్పు మారదని, అవసరానికి మించిన ఫోటో తగదని నిర్ధారించారు. నేను చదువుకున్న గురువులది రెండవ మార్గం. పాస్‌పోర్టు, ఆధార్, లైసెన్సు వంటి అవసరాల విషయంలో వారూ వెసులుబాటు ఇచ్చారు. ఇక ఫోటోను అనుమతించిన పండితులలో కూడా అనేకులు, గౌరవసూచకంగా, జ్ఞాపకార్థంగా గోడకు తగిలించడాన్ని ఒప్పుకోలేదు. కాబట్టి గోడ విషయంలో మాట దాదాపు ఒక్కటే. పెట్టెలో, కవరులో ఉన్న ఫోటో విషయంలో మాట ఒక్కటి కాదు. ఒక్కటి కాని చోట ఒక తల్లి చేతిలోని కాగితాన్ని చింపే అధికారం కొడుక్కు లేదు. నాకూ లేకుండెను.

ఆమెకు నేను చెప్పింది ఇంతే: గోడ మీద వద్దు, దండ వద్దు, బల్బు వద్దు, అగరువత్తి వద్దు. కవరులో పెట్టి బీరువాలో ఉంచుకోండి. అది కొడుకు ముఖమని చూడండి, అంతకు మించి దానితో మాట్లాడకండి, బాబును మాట్లాడనివ్వకండి. మాట్లాడవలసింది అల్లాహ్‌తో. చనిపోయినవారికి చేరేవి ఏవో దైవప్రవక్త (స) చెప్పనే చెప్పారు: కొనసాగే దానం, ప్రయోజనకరమైన విద్య, దుఆ చేసే సత్సంతానం. మూడవది ఆరేళ్ళ వయసులో ఆ ఇంట్లోనే తిరుగుతోంది. తల్లిదండ్రుల కోసం ఖుర్ఆన్ నేర్పిన దుఆ వాడికి వచ్చా అని అడిగితే, రాదన్నారు. పటానికి సలాం చేయడం వచ్చు.

అటక మీది పటాన్ని అబ్బాయి దించి తెచ్చాడు. పగిలిన అద్దం పెంకులు మా ఇంటావిడ ఏరింది. ఆ తల్లే స్వయంగా ఫోటోను అట్ట నుండి విడదీసి కవరులో పెట్టుకుంది. గంధపు దండ నుండి దారం లాగేసి, చెక్కలను బట్టల పెట్టెలో వేసింది.

బయలుదేరబోతుంటే అబ్బాయి, "మరి ఆ గోడ బోసిగా ఉంటుంది కదా హజ్రత్, ఏం పెట్టమంటారు?" అని అడిగాడు. ఈ ప్రశ్న మన పాఠకులు కూడా తరచుగా రాస్తుంటారు.

బోసిగా ఉంటే తప్పేమీ లేదు. గోడకు గుడ్డ కప్పిన సందర్భంలో, రాళ్ళకు మట్టికి వస్త్రాలు తొడగమని అల్లాహ్ మనల్ని ఆదేశించలేదని దైవప్రవక్త (స) అన్న మాట సహీహ్ ముస్లింలో ఉంది. హాలు అలంకరణకు వేలు పోసి, పక్కింటి అనాథకు బడి ఫీజు కట్టలేని ఇళ్ళు నాకు తెలుసు. అలాగని అందం నిషిద్ధమని కాదు. బొమ్మలు గీసి బ్రతికే ఒకతను ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు వచ్చి హదీసు విని పాలిపోయినప్పుడు, నీకు గీయక తప్పకపోతే చెట్లను, ప్రాణం లేని వాటిని గీసుకోమని ఆయన దారి చూపారు. ఆ దారిలో మన వాళ్ళు ఎంత దూరం వెళ్ళారో చూడాలంటే బీదర్‌లో మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసాకు వెళ్ళండి. విద్యార్థులను తీసుకుని నేను ఒకసారి వెళ్ళాను. సగం కూలిన గోడ మీద మిగిలిన పలకలలో నీలం, పసుపు, తెలుపు రంగుల తీగలు, వాటి మధ్య దివ్యవాక్యాల లిపి. ఒక్క ప్రాణి బొమ్మ లేదు. పిల్లలు భోజనం వేళ దాటినా కదలలేదు. మన మచిలీపట్నం, పెడన కలంకారీ అద్దకంలోని పూలు, తీగలు, మామిడి పిందెలు కూడా గోల్కొండ సుల్తానుల కాలంలో పర్షియా అభిరుచితో ఎదిగినవే. కొండలు, చెట్లు, మసీదులు, చార్మినార్, కాబా, మదీనా చిత్రాలకు అభ్యంతరం లేదు. కాబా చిత్రంలో తవాఫ్ చేసే జనం ఉన్నారే అని కొందరు కంగారుపడతారు. నిలబడి చూస్తే అవయవాలు పోల్చలేనంత చిన్న రూపాలకు ఆక్షేపణ లేదని హనఫీ ఫిఖహ్ గ్రంథాలు చెబుతున్నాయి. బురాఖ్ అని చెప్పి స్త్రీ ముఖం, రెక్కలు ఉన్న గుర్రపు పటాలు మాత్రం ఉర్సు అంగళ్ళలో ఇప్పటికీ అమ్ముతున్నారు. అవి కల్పన, తెచ్చుకోకండి. పీర్ల పటాలు, నాయకుల పటాలు, పిల్లల గదిలో క్రికెట్ ఆటగాళ్ళ పోస్టర్లు దేని కిందికి వస్తాయో వేరుగా చెప్పనక్కర్లేదు. నమాజు చేసే గదిలోనైతే మరింత జాగ్రత్త అవసరం. అన్నిటికన్నా ఎక్కువ అయిష్టకరమైనది ఖిబ్లా వైపు, ఎదురుగా ఉన్న బొమ్మ అని 'హిదాయా' చెబుతోంది.

ఆయతుల్ కుర్సీ ఫ్రేముల గురించి కూడా ఒక మాట. అది వేలాడదీస్తే ఇంటికి కాపలా అన్న నమ్మకంతో కొంటున్నవారు ఎక్కువ. కాపలా చదవడంలో ఉంది. తాలింపు పొగ పట్టే వంటింట్లో, రోజంతా పాటలు మోగే టీవీ పైన దానిని తగిలించి, సంవత్సరం పాటు దుమ్ము తుడవకపోవడం అమర్యాద. దివ్యవాక్యాలు అచ్చు వేసిన దుకాణాల కేలండర్లు డిసెంబరు ముగియగానే చెత్తబుట్టలో కనబడుతున్నాయి. దుకాణం నడిపే సోదరులారా, దయచేసి కేలండరు మీద ఖుర్ఆన్ వాక్యాలు అచ్చు వేయించకండి. పూలు వేయించండి.

ఆ అబ్బాయి మొన్న మళ్ళీ వచ్చాడు. ఆ గోడకు ఇప్పుడు గడియారం ఒక్కటే ఉందట. బాబు సాయంత్రాలు మా మక్తబ్‌కు వస్తున్నాడు. తండ్రి కోసం చేసే దుఆ తప్పులు లేకుండా చదువుతున్నాడు. ఫోటో కవరు బీరువాలో, చనిపోయినవాని పదవ తరగతి సర్టిఫికెట్ల మధ్య ఉంది.

"అమ్మీ అప్పుడప్పుడు తీసి చూసుకుంటుంది హజ్రత్. రోజుకు ఎన్నిసార్లో నేను లెక్కపెట్టడం లేదు" అన్నాడు.

"లెక్కపెట్టకు" అన్నాను.